ఈగ తూకం

తెలుగు సినిమా పుట్టిన నాటినుంచి ఈనాటిదాకా క్యారవాన్ ఎక్కి ఏసీ ఆపించుకున్న మనిషి ఒక్కతే ఉండి ఉంటుంది. ఆ ఒక్కతీ ఇదిగో, ఫిల్మ్‌నగర్ కొండమీద, కన్వెన్షన్ హాలు వెనక, మే నెల ఎండలో నిలబెట్టిన బండిలో, అద్దం ముందరి కుర్చీలో కూచుని ఉంది. ఒంటికి ప్లాస్టిక్ సూటు, దానిమీద స్వెట్టరు, నెత్తిన తువ్వాలు. అలా కూచుని పూజిత తన చెమట తానే వింటోంది. చెమట వినపడుతుందా అని అడగకూడదు, సూటు లోపల మోచేతి మడతలో చేరిన నీళ్ళు చెయ్యి కదిపినప్పుడల్లా గలగలమంటాయి, సంచిలో చేపపిల్లను పట్టుకొచ్చినట్టు, ఆ చప్పుడు వింటూ, అదిగో ఇంకో చుక్క, పో తల్లీ పో, నీకేం పని ఇక్కడ, అర కిలో పోవాలి, గంటలో పోవాలి, నీ వెనక వచ్చేవాళ్ళను కూడా తొందరగా రమ్మను, అనుకుంటోంది.

అర కిలో అంటే ఎంత? యూసుఫ్‌గూడ బజారులో అర కిలో వంకాయలు కొంటే అమ్మేవాడు ఇంకో రెండు ఊరికే వేస్తాడు. కాని నెలల తరబడి అన్నం మానేసి, వారంగా ఉప్పు మానేసి, నిన్నటినుంచి నీళ్ళు కూడా మానేసిన ఒంట్లోంచి అర కిలో తియ్యడమంటే, పిండి ఆరేసిన చీరను మళ్ళీ పిండటం. నాలుక తనది కాదు, ఎవరిదో తెచ్చి నోట్లో పెట్టినట్టుంది. ఎదురుగా అద్దం, అద్దం చుట్టూ బల్బులు, ఇది హీరోయిన్ కూచునే కుర్చీ. పదేళ్ళుగా ఇలాంటి కుర్చీల్లో కూచునే వాళ్ళ బదులు పూజిత మేడలమీదనుంచి దూకింది, అద్దాలు పగలగొట్టుకుని బయటికొచ్చింది, మంటల్లో పరుగెత్తింది, చీర మార్చుకోవాలంటే మాత్రం జనరేటరు బండి వెనక ఇద్దరాడవాళ్ళు దుప్పటి అడ్డం పట్టుకుంటే మార్చుకుంది. క్యారవాన్ మెట్టు ఏనాడూ తొక్కలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆమె వీపు చూడని ఇల్లు లేదు, ఆమె ముఖం గుర్తుపట్టే ఇల్లు యూసుఫ్‌గూడలోనే వెతుక్కోవాలి. అలాంటిదాన్ని ఇవాళ పిలిచి క్యారవాన్ ఇచ్చారు. ఎందుకయ్యా అంటే, ఎండకు లోపల కుంపటిలా కాగుతుందని.

ఎండ పైకప్పుమీద టిక్కుటిక్కుమంటోంది. మెట్టుమీద కూచున్న నాన్న గొంతు తలుపు సందులోంచి వస్తోంది, డ్రైవరుకు ఏదో చెబుతున్నాడు, నవ్వుతున్నాడు, నవ్వు మధ్యలో ఆపి తలుపుమీద వేలితో కొట్టాడు. "బిడ్డా, ఉన్నవా, ఆవిరైనవా?" "ఉన్న నాయినా." "ఉంటే ఎట్ల? కొంచెమన్న ఆవిరి గావాలె గద." నవ్వడానికి కూడా తడి కావాలి, పూజిత నవ్వలేదు, ఆ మాటతో పొద్దుటి మజ్జిగచెంబు గుర్తొచ్చింది, చెంబుతోపాటు కోపం వచ్చింది, కోపానికి కూడా చెమట పడితే బాగుండును అనుకుంది.

తప్పెవరిది? నాన్నదా, మజ్జిగదా? వరప్రసాద్ గారు సినిమాలు తీసీ తీసీ, ఇక చాలనిపించి ఆడవాళ్ళ ప్రొఫెషనల్ బాక్సింగ్ మొదలుపెట్టిన నిర్మాత. రేపు సాయంత్రం బెల్టు పోటీ. బెల్టు ఇప్పుడు భావన నడుముకుంది. భావన వరప్రసాద్ గారి అన్నగారి కూతురు, జూబ్లీహిల్స్ పిల్ల, ఒట్టి డబ్బున్న పిల్ల అనుకుంటే పొరపాటు, ఎడమచేత్తో కొట్టిందంటే ఎదుటివాళ్ళకు ఇంటి అడ్రసు మరిచిపోతుంది. ఆ భావనకు ఎదురు నిలబడేది పూజిత. పోటీకి ముందురోజు ఇద్దరూ తూగాలి, ఇద్దరూ ఫ్లైవెయిట్ దాటకూడదు, యాభై కిలోల ఎనిమిది వందల గ్రాములు, అంతే. పొద్దున హాల్లో స్టేజీ కట్టి, పెళ్ళిపీటలకు చేసినంత అలంకారం మధ్యన తూకం మిషను పెట్టారు. "పూజితా, ఒకసారి ఎక్కమ్మా" అన్నారు వరప్రసాద్ గారు. ఎక్కింది. అంకెలు వెలిగాయి, అటూ ఇటూ ఊగాయి, నిలబడ్డాయి. తూకం చూసి ఔననాల్సిన పెద్దమనిషి సుబ్రహ్మణ్యం మాస్టారు, వెంగళరావు నగర్ ఆయన, బళ్ళో డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి, కళ్ళజోడు ముక్కు కొసకు దించి, వంగి చూసి, "ఆఁ, సరిపోయింది" అన్నారు. దిగింది. కింద నాన్న చెంబుతో సిద్ధంగా ఉన్నాడు. ప్రతి పోటీకీ తూకం అయిన క్షణాన నాన్న చేతి మజ్జిగ తాగడం వాళ్ళ ఇంటి ఆచారం, అల్లం దంచి, కొత్తిమీర తుంచి, ఇన్నాళ్ళు మానేసిన ఉప్పు అంతా అందులోనే వేసి. ఎత్తిన చెంబు దించకుండా తాగింది. గొంతులో చల్లగా దిగుతుంటే లోపల ఎక్కడెక్కడో ఎండిపోయిన సందులన్నీ లేచి కూచున్నాయి. సరిగ్గా అప్పుడు మైకులో వరప్రసాద్ గారు, "లైటింగ్ ఓకే. ఇప్పుడు టేక్ చేద్దాం. రామ్మా పూజితా."

రిహార్సలట! లైట్లు ఎలా పడుతున్నాయో చూసుకోవడానికి ఎక్కించారట! అసలు తూకం లైవులో, జనం చూస్తుండగా, వెనక పాట వస్తుండగా జరగాలట. మళ్ళీ ఎక్కింది, మజ్జిగ కూడా ఆమెతోపాటు ఎక్కింది, అర కిలో ఎక్కువ. హాలంతా అయ్యయ్యో అంది, కెమెరాలన్నీ దగ్గరికొచ్చాయి. రెండోసారి ఎక్కమన్నప్పుడే తాగానని చెప్పి ఆగాల్సింది, కాళ్ళే ముందు ఎక్కేశాయి, సెట్టు మీద పిలిస్తే వెళ్ళడం అలవాటైన కాళ్ళు. తూకం తప్పినవాళ్ళకు గంట గడువిస్తారు, ఆ గంటలో దిగితే సరి, దిగకపోతే రేపు పోటీ ఉంటుంది, గెలిచినా బెల్టు మాత్రం రాదు. భావన కూడా ఆ రిహార్సల్‌లో ఎక్కింది, దిగింది, కాని నీళ్ళసీసా ముట్టుకోలేదు. పుట్టగానే ఉయ్యాల్లో వేసేటప్పుడే ఇది రిహార్సలా టేకా అని అడిగి ఉంటుంది, సినిమా ఇంటి పిల్ల, చూడగానే తెలిసిపోయింది. మరి పదేళ్ళు సెట్ల మీద బతికిన నాకెందుకు తెలియలేదు? అంత మొద్దునా? ఆ ప్రశ్న ఈగలా ముక్కుమీద వాలింది, తోలింది, మళ్ళీ వాలింది.

ఈగ. ఫ్లై అంటే ఈగ కదా. నాన్నకు మొదటిసారి ఈ తరగతులన్నీ చెప్పిన రోజు ఆయన పొట్టపట్టుకుని నవ్వాడు. అన్నిటికన్నా కింద గడ్డిపోచ తూకం నాయినా, దాని మీద ఈగ తూకం, ఈగ మీద కోడిపుంజు తూకం, కోడి మీద ఈక తూకం అంటే, "ఆగాగు, కోడికన్న దాని ఈక బరువెక్కువనా?" "అంతే." "ఈగకూ కోడికీ నడుమ మూడు కిలోలు గూడ లేవా?" "లేవు." "అయితే ఆ పేర్లు పెట్టినోడు మనోడే. నా అసోంటోడే. వాని అడ్రసు దొరికితే చెప్పు, ఒక సాయంత్రం గూసుంట." నాన్న అలాంటివాడే మరి. ఒకప్పుడు సినిమాల్లో దెబ్బలు తినే ఫైటరు రాములు, హీరో గుద్దితే ఈ ఫిల్మ్‌నగర్ కొండ మీదనుంచి ఎగిరి సరాసరి యూసుఫ్‌గూడలో తన ఇంటి గుమ్మంలో పడ్డాడట, ఆటో ఎక్కే పని తప్పిందట, డైరెక్టరు అక్కణ్ణించి బాగుందయ్యా ఇంకోసారి అని అరిస్తే ఇంట్లో అన్నం తింటూ విన్నాడట. చిన్నప్పుడు పూజిత ఇది నమ్మింది. ఆకాశంలోకి చూస్తూ నాన్న ఎప్పుడు పడతాడా అని గుమ్మంలో నిలబడేది. ఆ తర్వాత తనూ ఎగరడం మొదలుపెట్టాక తెలిసింది, ఎగిరింది ఎంత దూరమైనా పడేది అట్టపెట్టెల మీదే, ఆ అట్టపెట్టెల కింద నేలే.

పూజిత అసలు బరువు కోడిపుంజు. ఆ తరగతిలో ఈ ఊళ్ళో బెల్టు లేదు, పోటీ లేదు, ఎదురు నిలబడే మనిషి లేదు, అందుకని కోడి ఈగ కావాలి. కడుపునిండా తిని నిలబడగలిగిన ఒంటిని కోసి, చెక్కి, ఆరబెట్టి ఈగను చేసింది. అద్దంలో చూసుకుంటే దవడ ఎముకలు తనకన్నా ముందు కనపడుతున్నాయి. ముప్పై దాటాయి, వచ్చే ఏడు ఈ ఒళ్ళు ఇంత దూరం దిగదు, ఎంత బతిమాలినా దిగదు, కోచ్ చెప్పక్కర్లేదు, మోకాళ్ళే చెబుతున్నాయి. బెల్టుకు ఇదే మొదలు, ఇదే చివర. బెల్టు ఏం చేసుకుంటావే అని అడిగింది ఇంటి ఓనరమ్మ, ప్యాంటుకు పెట్టుకుంటావా అని. ఏమీ చేసుకోను. బెల్టు భుజాన వేసుకుని ఫొటో తీస్తారు, అందులో ముఖం ఉంటుంది. వీపు కాదు, జుట్టు మధ్యలోంచి సగం చెవి కాదు, ముఖం. రింగులో డూప్ పెట్టడానికి వీల్లేదు, అక్కడ తన దెబ్బ తనే తినాలి, తన గెలుపు తనే గెలవాలి, పూజిత బాక్సింగ్‌లోకి వచ్చిందే అందుకు.

నీళ్ళు. ఎన్ని నీళ్ళు చూసింది! వానపాట తీసిన రోజుల్లో ట్యాంకరు తర్వాత ట్యాంకరు వచ్చి నిలబడేది, పైపులు పైకెత్తి గొట్టాల్లోంచి వాన కురిపించేవాళ్ళు, హీరోయిన్ ఒళ్ళు వెచ్చబడిందని క్యారవాన్ ఎక్కితే దూరపు షాట్లన్నిటికీ పూజిత తడిసింది, పొద్దుననగా తడవడం మొదలుపెట్టి లైటు పోయేదాకా తడిసింది, వణుకుతుంటే డాన్స్ మాస్టరు ఆ వణుకు బాగుంది ఉంచమ్మా అన్నాడు. ఆ రోజు ఇంటికెళ్ళేసరికి కాలనీలో నల్లా రాలేదు, బిందెల వరస, ముందు నిలబడ్డ ఆడమనిషి ఆమె తడిజుట్టు చూసి, ఎక్కడ పడ్డదే వాన, అంది. పైకి చూస్తూ నోరు తెరిచి తాగి ఉండాల్సింది. ఆ ట్యాంకరు నీళ్ళు మంచివి కావు, అయినా తాగి దాచుకుని ఉండాల్సింది, ఒంటె దాచుకున్నట్టు, ఒంటె దాచుకునేది నీళ్ళు కాదట, కొవ్వట, దాన్ని కూడా బరువు తగ్గమంటే మూపురం చూపించి ఏడుస్తుంది. ఒంటెను తక్కెడ ఎక్కిస్తే ఏ తరగతి? నాన్ననడగాలి, ఏదో ఒకటి చెబుతాడు.

తక్కెడ. ఎర్రగడ్డ మార్కెట్లో బెల్లం షావుకారు తక్కెడ, గొలుసులతో వేలాడే పెద్ద తక్కెడ, ఒక పళ్ళెంలో తను. ఎన్నేళ్ళుంటాయి, జ్వరంతో చావుదాకా పోయి వచ్చిన ఏడు అది. మనవరాలు బతికితే సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం ఇస్తానని నాయనమ్మ కొమురమ్మ మొక్కింది. బంగారమంటే బెల్లం, ఆ జాతరలో దాన్ని బెల్లం అంటే కొమురమ్మ ఊరుకోదు. పళ్ళెంలో కూచోబెట్టారు, కాళ్ళు వేలాడాయి, ఎదురు పళ్ళెంలో షావుకారు దిమ్మ తర్వాత దిమ్మ పెడుతున్నాడు. ఇటు జ్వరం తినేసిన పిల్ల, నాలుగు దిమ్మలకే పైకి లేచిపోతోంది. కొమురమ్మకు ప్రాణం ఒప్పలేదు, తన కాళ్ళ వెండి కడాలు విప్పి పిల్ల కాళ్ళకు తొడిగింది. "అవ్వా, కడాలు తియ్, తూకం తప్పైతది" అన్నాడు షావుకారు. "నువ్వు ముయ్. పిల్ల ఎంత తూగితే తల్లికి అంత బంగారం. తక్కువ తూగనిస్తనా నేను?" ఇంకా చాలక ఒక పాదం నెమ్మదిగా పళ్ళెం అంచుమీద ఆనించి ఆకాశంలోకి చూసింది. షావుకారు చూశాడు, చూడనట్టు ఇంకో దిమ్మ పెట్టాడు. మార్కెట్టంతా వినేట్టు కొమురమ్మ చెప్పుకుంటూ వచ్చింది, ఇంత తూగింది నా మనవరాలు, ఇంత తూగింది. నాన్న చెప్పే కథలో ఆ బెల్లం ఏడాదికేడాది పెరిగి ఇప్పుడు లారీ దాటింది, మోయలేక వనదేవతలే ఇక చాలన్నారట. బరువంటే అప్పుడు అది. తూగడమంటే ఉండటం, ఎంత తూగితే అంత బతికున్నట్టు. ఆ పళ్ళెం ఎక్కిన పిల్లే ఈ మిషను ఎక్కింది. అక్కడ ఒక పాదం తోడొచ్చింది, ఇక్కడ ఒక చెంబు మజ్జిగ నేరమైంది.

తలుపు తెరుచుకుంది. బయటి వెలుగు వచ్చి కళ్ళలో పడింది, వెలుగులో వరప్రసాద్ గారి తెల్లచొక్కా, ఆయన లోపలికి తల పెట్టి అంతలోనే వెనక్కి తీశారు. "అమ్మో, బాయిలర్లా ఉందేంటండీ ఇది! ఎలా కూర్చున్నావమ్మా?" మాట ఒక్కటి బయటికి పంపితే దాంతోపాటు బరువేమైనా పోతుందా అని పూజిత ఆలోచిస్తోంది. ఆయన చల్లగా చెప్పారు. "చూడమ్మా, దిగకపోయినా నువ్వేం టెన్షన్ పడకు. రేపు ఫైట్ ఫైటే. బెల్ట్ ఒక్కటే, నువ్వు గెలిచినా భావన దగ్గరే ఉంటుంది. కథలో పెద్ద మార్పేం లేదు." "కథల మార్పు లేదా సార్?" గొంతు తనకే ఎవరిదోలా వినపడింది. "జనానికి ఫైట్ కావాలి కదమ్మా. ఇంకో పావుగంటలో ఒన్ మోర్ వెళ్దాం, ఓకేనా?" తలుపు మూసుకుంది. మెట్టుమీద నాన్న లేచి నిలబడి జరిగి మళ్ళీ కూచున్న చప్పుడు.

ఒన్ మోర్. ఆ మాట చెవిలో పడి అక్కడే తిరుగుతోంది. ఎన్నిసార్లు విన్నది! మూడో అంతస్తునుంచి పడ్డావు, బాగుంది, ఒన్ మోర్. అద్దం పగిలింది కాని వెలుగు పడలేదు, ఒన్ మోర్. మెట్లమీదనుంచి దొర్లావు, హీరోగారు డైలాగు మరిచిపోయారు, పూజితా, ఒన్ మోర్ అమ్మా. ఎవరు మరిచిపోయినా మళ్ళీ పడేది తనే. ఈ కొండమీద ఎవరి బరువు ఎంతో ఎవరు చూశారు? గడ్డిపోచలను తెచ్చి హెవీవెయిట్ల ముందు నిలబెడతారు, గంట కొడతారు, గడ్డిపోచ పడితే ఓకే అంటారు. బాక్సింగ్‌లో ఒక్కచోటే చూసింది ఆ న్యాయం, నీ ఎదుట నీ అంతే ఉన్న మనిషిని నిలబెట్టి, ఇక నీ చేతిలో ఏముందో చూపించు అంటారు, ఆ ఒక్క న్యాయం కోసం అన్నం మానేసింది, నీళ్ళు మానేసింది. ఆ తక్కెడను కూడా సినిమా సెట్టు చేశారు.

ఆగు. ఆ ప్రశ్న మళ్ళీ వచ్చి వాలింది, పదేళ్ళు సెట్ల మీద బతికిన నాకెందుకు తెలియలేదు అది రిహార్సలని? ఈసారి పూజిత దాన్ని తోలలేదు. వాలనిచ్చింది, చూసింది. ఎందుకంటే డూప్‌కు రిహార్సల్ ఉండదు. హీరోయిన్ నడిచి చూసుకుంటుంది, లైటు చూసుకుంటుంది, మాట చూసుకుంటుంది, చివరికి దూకాల్సిన చోటికి వచ్చేసరికి పూజితను పిలుస్తారు. మేడమీదనుంచి ఉత్తుత్తిగా పడి చూడటం ఎవరివల్ల అవుతుంది? పడితే పడ్డట్టే. మొదటిసారే ఎముక విరుగుతుంది, మొదటిసారే నిప్పు అంటుకుంటుంది. అందుకే ఎక్కమనగానే ఎక్కింది, అదే అసలు అనుకుంది, దిగి మజ్జిగ తాగింది. మొద్దు కాదు. జీవితంలో ఒక్కసారైనా ఊరికే చేసిన పని లేదు, ఆ అలవాటు తప్పెలా అవుతుంది? మాస్టారు వంగి చూడలేదా? సరిపోయింది అనలేదా? కెమెరాకు వినపడకపోతే అననట్టేనా? ఎక్కితే ఎక్కినట్టే. తూగితే తూగినట్టే. మరి తూగిన మనిషి ఈ కుంపట్లో కూచుని ఎవరి బరువు దించుతోంది?

సూటు లోపల చప్పుడు ఆగింది. పూజిత చెయ్యి చాచి, గోడమీది మీట నొక్కి ఏసీ వేసింది. పైన ఏదో గురగురలాడి, దగ్గి, చల్లగాలి వదిలింది. స్వెట్టరు తీసింది, సూటు జిప్పు లాగింది, చెమట కార్పెట్టుమీద కారింది, కారనీ. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, హీరోయిన్ కుర్చీలో కాలుమీద కాలేసుకుని, వెనక్కి వాలి కూచుంది. అద్దం చుట్టూ బల్బులు కూడా వేసుకుంది. ముఖం చూసుకుంది, తిన్నగా, మధ్యలో ఎవరి జుట్టూ అడ్డం రాలేదు. ఇప్పుడు ఎక్కనంటే ఏమవుతుంది? మాస్టారు నోరు విప్పకపోతే తూకం తప్పినట్టు రాస్తారు, బెల్టు పోతుంది, మళ్ళీ రాదు. ఎక్కి తూగినా అది తన తూకం కాదు, వాళ్ళ టేక్. పోతే పోనీ, నిలబడి పోనీ. "బిడ్డా, ఏసీ సప్పుడొస్తంది?" నాన్న గొంతులో కంగారు. "నేనే ఏసిన నాయినా. నీ సంచిల నీళ్ళున్నయా?"

హాల్లోకి వచ్చేసరికి లైట్లన్నీ సిద్ధంగా ఉన్నాయి, పాట సిద్ధంగా ఉంది, సుబ్రహ్మణ్యం మాస్టారు మిషను పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. భావన ఒక మూల కుర్చీలో, తువ్వాలు కప్పుకుని, పెదవులు పగిలి, తను కూడా ఇంకా చుక్క నీళ్ళు తాగలేదు, పూజిత తేలితే గాని తనకు టేక్ రాదు. పూజిత స్టేజీ ఎక్కింది, మిషను పక్కదాకా వెళ్ళింది, ఆగింది. నాన్న ఇచ్చిన సీసా చేతిలో ఉంది.

"ఎక్కమ్మా" అన్నారు వరప్రసాద్ గారు.

"ఎక్క సార్. పొద్దున ఎక్కిన. తూగిన. దిగినంకనే మజ్జిగ తాగిన."

"అది రిహార్సలని చెప్పాం కదమ్మా!"

"తాగినంక చెప్పిన్రు. డూప్‌లకు రిహార్సల్ ఎప్పుడు పెట్టిన్రు సార్ మీరు? పడితే పడ్డట్టే అన్నరు పదేండ్లు. ఇయ్యాల తూగితే తూగినట్టు గాదా?"

హాల్లో ఎవరో దగ్గారు. వరప్రసాద్ గారు చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "ఎక్కకపోతే తూకం తప్పినట్టేనమ్మా. బెల్ట్ పోతుంది. ఆలోచించుకో."

"ఆలోచించుకునే వచ్చిన." పూజిత మాస్టారు వైపు తిరిగింది. "సార్, మీరు వంగి జూసిన్రు. సరిపోయింది అన్నరు. ఆ మాట మల్ల ఒక్కసారి అనండ్రి, చాలు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అన్నానమ్మాయ్, అన్నాను. కాని మైకులో అనలేదు కదా మరి..."

"అంకె జూసింది మైకా సార్? మీ కండ్లు గాదా?"

మాస్టారు కళ్ళజోడు పెట్టుకోలేదు, మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు. ఆ తుడవడం ఎంతకీ కాలేదు. మూలనుంచి భావన లేచింది, తువ్వాలు కుర్చీమీద పడేసి వచ్చి స్టేజీ ముందు నిలబడింది.

"బాబాయ్, నేనూ చూశాను. ఫస్ట్ టైమే కరెక్టుగా ఉంది. పక్కనే ఉన్నాను కదా."

"నువ్వూరుకోమ్మా భావనా."

"ఊరుకోను. ఈవిడను వడియంలా ఎండబెట్టి నా చేతికిస్తావా? రేపు నేను గెలిస్తే వడియాన్ని కొట్టి గెలిచిందంటారు. నాకొద్దు బాబాయ్. తాగమను, నిండా తాగమను. తాగి వస్తే అప్పుడు కొడతా." పగిలిన పెదవులతోనే నవ్వి పూజితను కిందినుంచి పైకి చూసింది. "బాగా కొడతా."

"వడియం నూనెల పడనీ చెల్లే" అంది పూజిత, "ఎట్ల పొంగుతదో రేపు జూద్దువు."

వెనకనుంచి రాములు ఈల వేశాడు, ఒకప్పుడు వెండితెర మీద చచ్చిపడి కూడా వేసిన ఈల అది అని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ఆ ఈలకు మాస్టారు ఉలిక్కిపడి కళ్ళజోడు పెట్టుకున్నారు, వరప్రసాద్ గారి చేతిలోని మైకు వైపు చూశారు, ఇమ్మని మాత్రం అడగలేదు, బళ్ళో పిల్లలను వరసలో నిలబెట్టేటప్పుడు వాడే గొంతు తీశారు. "పూజిత, ఫ్లైవెయిట్! మొదటి తూకం! యాభై కిలోల ఎనిమిది వందలు! సరిపోయింది!" గోడలకు కొట్టుకుని ఆ మాట రెండుసార్లు వినపడింది. వరప్రసాద్ గారు ఏదో అనబోయి, కెమెరాల మీద ఎర్రదీపాలు వెలుగుతుండటం చూసి, చప్పట్లు కొట్టారు.

పూజిత సీసా మూత తిప్పింది. భావనను చూస్తూ, తొందరేం లేకుండా, ఒక్కొక్క గుటక లోపల ఎక్కడిదాకా వెళుతోందో కనిపెట్టుకుంటూ తాగింది. ప్రతి గుటకకూ బరువు పెరుగుతోంది, అది తెలుస్తోంది, పెరగనీ, ఎర్రగడ్డ తక్కెడలో నాయనమ్మ పాదం ఆనినట్టు, ఇంత తూగింది నా మనవరాలు, ఇంత తూగింది. ఫొటోగ్రాఫరు మోకాళ్ళమీద జరుగుతూ ముందుకొచ్చాడు, కెమెరా ఎత్తాడు, దించాడు, తలగోక్కున్నాడు. "మేడమ్, నీళ్ళు తాగేది మిస్సయింది. ముఖం బాగా పడుతోంది మేడమ్. ఒన్ మోర్ ప్లీజ్?"

పూజిత సీసా తలకిందులు చేసి పట్టుకుంది. ఒక్క చుక్క రాలలేదు.